గంట ఫెర్రీ, రెండు టాంజియర్ రేవులు: ఒక కేస్ స్టడీ

కస్టమర్లు ఐదుగురు. జర్మనీలో ఉద్యోగాలు చేసుకుంటున్న భార్యాభర్తలు, వాళ్ల ఎనిమిదేళ్ల పాప, మనవరాలిని చూడ్డానికి ఇండియా నుంచి వస్తున్న అబ్బాయి అమ్మానాన్నలు. అందరివీ భారత పాస్‌పోర్టులే. అక్టోబర్‌లో బడి సెలవులకి దక్షిణ స్పెయిన్ తిరిగి, అంత దూరం వెళ్లాక ఆఫ్రికాలో కూడా కాలు పెట్టి రావాలని వాళ్ల సరదా. ఫెర్రీలో జిబ్రాల్టర్ జలసంధి దాటి మొరాకోలోని టాంజియర్‌లో రెండు రాత్రులు ఉండాలి, తిరిగొచ్చి మాలగాలో విమానం ఎక్కాలి.

ప్రయాణాల ప్లాన్లు రాసిచ్చే నా దగ్గరికి వచ్చేటప్పటికే వాళ్ల దగ్గర ఒక ప్లాన్ ఉంది. శుక్రవారం పొద్దున సెవిల్‌లో బస్సు, మధ్యాహ్నం తరీఫాలో ఫెర్రీ, ఆదివారం మధ్యాహ్నం తిరుగు ఫెర్రీ, అదే రాత్రి మాలగా నుంచి విమానం. ఎక్సెల్ షీట్‌లో టైములన్నీ అతికినట్టు సరిపోయాయి. కూడికల్లో తప్పు పట్టడానికి ఏమీ లేదు. "నీళ్ల మీద గంటే కదండీ, దీనికింత ఆలోచన ఎందుకు?" అన్నారు అబ్బాయి.

ఆ గంట గురించి నాకూ బెంగ లేదు. ఫెర్రీ ప్లాన్‌లో నేను మొదట చూసేది రేవుల్ని. ఏ రేవులో ఎక్కుతున్నాం, ఏ రేవులో దిగుతున్నాం, ఎక్కాల్సిన రేవు మూతపడితే ఎప్పటిలోగా ఇంకో రేవుకి మారాలి అన్నవి ముందు తేలాలి. హోటళ్లు, బస్సులు, విమానం ఆ తర్వాతే. వాళ్ల షీట్‌లో ఇది తలకిందులుగా ఉంది. ఏ విమానమో ముందు అనుకుని, మిగిలిన ఖాళీలో ఫెర్రీని ఇరికించారు. అదృష్టం ఏంటంటే విమానం టికెట్లు ఇంకా కొనలేదు, పెద్దవాళ్ల వీసాకి ఇంకా అప్లై చేయలేదు.

ఏ టాంజియర్?

ఫెర్రీ టికెట్ల సైట్‌లో టాంజియర్ అని కొడితే రెండు పేర్లు వస్తాయి. టాంజియర్ విల్ అంటే ఊళ్లో ఉన్న పాత రేవు. పాత బస్తీకి కిందనే ఉంటుంది, లగేజీ తక్కువుంటే హోటల్‌కి నడిచి పోవచ్చు. టాంజియర్ మెడ్ అంటే ఊరికి తూర్పున నలభై కిలోమీటర్లకి పైగా దూరంలో కట్టిన పెద్ద పోర్టు. 2007లో కంటైనర్ ఓడలతో మొదలైంది, 2010లో అక్కడ ప్రయాణికుల రేవు కూడా తెరిచారు. కార్లు, లారీలు ఎక్కించుకునే పెద్ద ఫెర్రీలు వెళ్లేది అక్కడికే. ఈ తేడా తెలియకుండా మెడ్‌కి టికెట్ కొని, పాత బస్తీలో హోటల్ తీసుకుని, దిగాక బయట కొండలూ కంటైనర్లూ తప్ప ఊరు కనిపించక బిత్తరపోయినవాళ్లు ఎందరో.

స్పెయిన్ వైపు కూడా మనకి పనికొచ్చేవి రెండే. తరీఫా ఐరోపా ఖండానికి దక్షిణపు కొస. అక్కడి నుంచి స్పీడు ఫెర్రీ గంటలో టాంజియర్ విల్‌లో దింపుతుంది. జలసంధి మరీ ఇరుకైన చోట 14 కిలోమీటర్లే గానీ, టాంజియర్ పడమటికి జరిగి ఉంటుంది కాబట్టి ఫెర్రీ ముప్పై కిలోమీటర్లకి పైనే వెళ్లాలి. తరీఫాకి తూర్పున రోడ్డు మీద అరగంట దూరంలో అల్హెసిరాస్ ఉంది. పెద్ద పోర్టు, రైలు స్టేషన్ కూడా ఉంది. తరీఫాకి రైలు లేదు. అల్హెసిరాస్ నుంచి వేర్వేరు కంపెనీల ఫెర్రీలు పగలూ రాత్రీ మెడ్‌కి తిరుగుతుంటాయి, ప్రయాణం సుమారు గంటన్నర.

అంటే జోడీలు రెండు: తరీఫా నుంచి విల్, అల్హెసిరాస్ నుంచి మెడ్. పెద్దాయనకి మోకాళ్ల నొప్పులు. ఊళ్లోనే దింపే తరీఫా ఫెర్రీయే ఈ కుటుంబానికి మొదటి ఎంపిక. అల్హెసిరాస్‌ని స్టాండ్‌బైగా పెట్టుకున్నాం.

మూడో దారి ఒకటుంది, అబ్బాయే అడిగారు. అల్హెసిరాస్ నుంచి సెయూటాకి గంట ఫెర్రీ. ఆఫ్రికా గడ్డ మీదే ఉన్నా సెయూటా స్పెయిన్ నగరం. అక్కడి నుంచి తారహాల్ సరిహద్దు దాటితే మొరాకో. టికెట్ చూడ్డానికి బావుంటుంది. కానీ ఆ సరిహద్దు నడిచి దాటాలి, క్యూ ఎంతుంటుందో చెప్పలేం, దాటాక టాంజియర్‌కి మళ్లీ చాలా దూరం టాక్సీలో పోవాలి. మోకాళ్ల మాట విన్నాక దాని గురించి ఇంకో నిమిషం మాట్లాడలేదు.

వెళ్లడం సరే, రావడం?

కోడలి మొదటి ప్రశ్న మొరాకో వీసా గురించి. నా మొదటి ప్రశ్న షెంగెన్ వీసా గురించి, అంటే ఐరోపాలో చాలా దేశాలకి కలిపి ఇచ్చే వీసా. స్పెయిన్ నుంచి మొరాకోకి ఫెర్రీ ఎక్కడమంటే షెంగెన్ ప్రాంతం వదిలి బయటికి పోవడమే. వీసా స్టిక్కర్ మీద ఎంట్రీల గడిలో 01 అని ఉంటే జర్మనీలో దిగిన రోజే ఆ ఒక్కటీ వాడేసినట్టు. టాంజియర్ నుంచి మళ్లీ స్పెయిన్‌లో అడుగు పెట్టడానికి అది పనికిరాదు. పోయేటప్పుడు స్పెయిన్ అధికారి మామూలుగా బయటికి పంపేస్తాడు. తిరిగి ఎలా వస్తారని అడగడం ఆయన పని కాదు.

భార్యాభర్తలకి, పాపకి ఈ టెన్షన్ లేదు. జర్మనీ రెసిడెన్స్ కార్డు మీద తిరిగి రావచ్చు, కాకపోతే అసలు కార్డు చేతిలో ఉండాలి, ఫోన్‌లో ఫోటో చాలదు. పెద్దవాళ్లకి మాత్రం ఎక్కువ ఎంట్రీలున్న వీసా తప్పనిసరి. అప్లికేషన్‌లోనే ఆ కాలమ్ టిక్ చేయించి, ప్రయాణ ప్రణాళికలో టాంజియర్ రెండు రాత్రులు తేదీలతో చూపించి, ఫెర్రీ రిజర్వేషన్ జత చేయించాం. వాళ్లు ఎక్కువ రోజులు ఉండేది జర్మనీలో కాబట్టి అప్లై చేసింది జర్మనీ కాన్సులేట్‌లోనే. స్టిక్కర్ మీద మల్ట్ (ఎన్నిసార్లైనా రావచ్చు) అని వచ్చేదాకా టాంజియర్‌లో హోటల్ డబ్బులు కట్టొద్దన్నాను. రాకపోతే టాంజియర్ మానేసి స్పెయిన్‌లోనే కాడిజ్ ఊళ్లో రెండు రోజులు ఉండేలా ఇంకో ప్లాన్ కూడా రాసిచ్చాను. అది అవసరం పడలేదు.

మొరాకో వీసా దీంతో పోలిస్తే తేలిక. 2022 నుంచి ఆన్‌లైన్‌లో ఈ-వీసా ఇస్తున్నారు. అప్లై చేయడానికి షెంగెన్ వీసా గానీ రెసిడెన్స్ కార్డు గానీ చూపించాం. పాపతో సహా ఐదుగురికీ ఐదు అప్లికేషన్లు, ఐదు ప్రింట్లు.

చిక్కొచ్చింది పేర్ల దగ్గర. పెద్దాయన పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీ. ఇంటిపేరూ పేరూ కలిపి ఒకే గడిలో ఉన్నాయి. మనవాళ్ల పాత పాస్‌పోర్టుల్లో ఇది మామూలే. ఫెర్రీ సైటేమో ఇంటిపేరు గడి ఖాళీగా వదిలితే ముందుకి పోనివ్వదు. అబ్బాయి బుకింగ్‌లో తన ఇంటిపేరే నాన్నకీ రాసేశారు, అసలు పేరు సగం ఎగిరిపోయింది. షెంగెన్ స్టిక్కర్ మీద పేరు ఎలా అచ్చయిందో చూసి, ఈ-వీసాలోనూ ఫెర్రీ టికెట్‌లోనూ అక్షరం పొల్లుపోకుండా అలాగే పెట్టించాను. రేవు కౌంటర్లో ఉన్న మనిషికి మన ఇంటిపేర్ల సంగతి తెలియదు. మూడు కాగితాల మీద ఒకే పేరు కనిపిస్తే చాలు.

ఇన్సూరెన్స్ గురించి ఎవరూ అడగరు, అందుకే నేనే అడుగుతాను. షెంగెన్ వీసా కోసం తీసుకునే 30,000 యూరోల పాలసీ షెంగెన్ దేశాల వరకే పనిచేసేది కావచ్చు. పెద్దవాళ్ల పాలసీ అలాంటిదే. టాంజియర్‌లో మెట్ల మీద జారిపడితే పైసా రాదు. ఆ మూడు రోజులకి మొరాకో చేరేలా ఇంకో పాలసీ తీసుకున్నారు.

తూర్పు గాలి

ఈ కేసులో ఎక్కువ సమయం తీసుకున్నది ఇదే. జలసంధికి రెండు వైపులా కొండలు. మధ్యధరా వైపు నుంచి వచ్చే తూర్పు గాలి ఆ ఇరుకులో నొక్కుకుపోయి, తరీఫా దగ్గర బయటపడేటప్పటికి వేగం బాగా పెరుగుతుంది. నీళ్ల గొట్టం చివర వేలితో నొక్కినట్టే. అక్కడివాళ్లు దీన్ని లెవాంతె అంటారు, పడమటి గాలి పొనియెంతె. తరీఫా బీచ్‌ల నిండా గాలిపటం పట్టుకుని పలక మీద అలలపై జారే కైట్ సర్ఫింగ్ వాళ్లు ఉండేది ఈ గాలి కోసమే. లెవాంతె ఒకసారి పట్టుకుంటే రోజుల తరబడి వీస్తుంది.

తరీఫా నుంచి వెళ్లే స్పీడు ఫెర్రీలు తేలికైనవి, అల ఒక ఎత్తు దాటితే బయల్దేరవు. అల్హెసిరాస్ రేవు అఖాతం లోపల దాక్కుని ఉంటుంది, అక్కడి నుంచి వెళ్లేవి కార్లు, లారీలు మోసే బరువైన ఓడలు. కాబట్టి గాలి లేచినప్పుడు ముందు ఆగేది తరీఫా. మరీ ఎక్కువైతే అల్హెసిరాస్ కూడా ఆగుతుంది గానీ, ఈ రెండింటి మధ్య మనకి దొరికే వెసులుబాటు చిన్నది కాదు. నా ప్లానంతా దాని మీదే నిలబెట్టాను.

తరీఫా ఫెర్రీలు రద్దయితే కంపెనీలు చాలాసార్లు ప్రయాణికులని బస్సుల్లో అల్హెసిరాస్‌కి పంపి అక్కడి నుంచి ఎక్కిస్తాయి. "మరింకేం, వాళ్లే తీసుకెళ్తారుగా" అన్నారు అబ్బాయి. తీసుకెళ్తారు, కానీ ఎప్పుడో చెప్పరు. రద్దు ప్రకటించేదాకా ఆగాలి, బస్సు వచ్చేదాకా ఆగాలి, అవతల ఏ ఓడలో ఖాళీ ఉంటే దాన్లో ఎక్కాలి, దిగేది విల్‌లో కాదు మెడ్‌లో. ఒంటరిగా తిరిగే కుర్రాడైతే అలాగే వెళ్లమంటాను. వీళ్లు ఐదుగురు, అందులో ఒకరికి మోకాళ్లు, ఒకరికి పడవ పడదు, ఒకరు చిన్నపిల్ల.

అందుకని గురువారం సాయంత్రం 6 గంటలని నిర్ణయం తీసుకునే టైముగా పెట్టాను. ఆ టైముకి చూడాల్సినవి మూడు: స్పెయిన్ వాతావరణ సంస్థ ఎమెట్ జలసంధికి ఇచ్చిన హెచ్చరిక రంగు, స్పెయిన్ పోర్టుల సంస్థ ఇచ్చే అలల అంచనా, ఫెర్రీ కంపెనీ పేజీ. తూర్పు గాలికి ఆరెంజ్ హెచ్చరిక ఉంటే ఇక చర్చ లేదు, శుక్రవారం పొద్దున అల్హెసిరాస్. పసుపు అయితే తరీఫాలోనే ఉండి, పొద్దున మొదటి ఫెర్రీ కదిలిందో లేదో చూసి తేల్చుకోవాలి. ఏ రంగూ లేకపోతే మామూలుగా తరీఫా. 6 గంటలే ఎందుకంటే, ఆ టైముకైతే అల్హెసిరాస్ ఫెర్రీలో సీట్లు, టాక్సీ, మెడ్ నుంచి ఊళ్లోకి వ్యాన్ ఇంకా దొరుకుతాయి. రాత్రి 10కి నిర్ణయం తీసుకుంటే ఆ మూడింటిలో ఏదో ఒకటి చేజారుతుంది.

దీన్నిబట్టి మిగతా ప్లాన్ మారింది. సెవిల్ నుంచి శుక్రవారం కాకుండా గురువారమే బయల్దేరి రాత్రికి తరీఫాలో ఉండాలి. ఆదివారం తిరిగొచ్చాక ఆ రాత్రి కూడా అదే హోటల్‌లో. అలా చేస్తే పెద్ద సూట్‌కేసులు అక్కడే వదిలి, చేతి సంచులతో దాటొచ్చు. విమానం ఆదివారం రాత్రి నుంచి సోమవారం సాయంత్రానికి జరిగింది. తిరుగు ఫెర్రీకీ విమానానికీ మధ్య ఒక రాత్రి లేకపోతే నేను ప్లాన్ రాయను, ఎంత బతిమాలినా. అబ్బాయి ఒక రోజు లీవు ఎక్కువ పెట్టాల్సొస్తుందని గింజుకున్నారు. పెద్దాయనే ఫోన్ తీసుకుని, "ఒక రోజు ఎక్కువైతే ఏమైందమ్మా, సముద్రం ఒడ్డున కూర్చుంటాం" అని సర్దేశారు.

టికెట్ రకం గురించి ఒక మాట. ఏ ఫెర్రీకైనా వాడుకోవచ్చనే ఓపెన్ టికెట్ ఇలాంటి చోట మంచిదని అందరూ అనుకుంటారు. ఐరోపా సమాఖ్య సముద్ర ప్రయాణికుల హక్కుల నిబంధన 1177/2010 ప్రకారం, ఫెర్రీ రద్దయినా, బయల్దేరడం 90 నిమిషాలకి మించి ఆలస్యమైనా, ఇంకో దారిలో పంపమనో డబ్బు వెనక్కిమ్మనో అడిగే హక్కు ప్రయాణికుడికి ఉంది. బయల్దేరే టైము రాయని ఓపెన్ టికెట్‌కి ఆ హక్కు వర్తించదు. అందుకే టైము అచ్చేసి ఉండి, ముందు రోజు దాకా మార్చుకునే వీలున్న టికెట్ కొనిపించాను. ధర కాస్త ఎక్కువ.

మారే గడియారం

ఈ దాటే రోజుల మధ్యలో అక్టోబర్ ఆఖరి ఆదివారం పడింది. ఐరోపాలో గడియారాలు గంట వెనక్కి తిప్పే రోజు. మొరాకో 2018 నుంచి ఏడాది పొడుగునా ఒకే టైము పాటిస్తోంది, రంజాన్ నెలలో మాత్రం గంట వెనక్కి పోతుంది. కాబట్టి శుక్రవారం స్పెయిన్ కంటే టాంజియర్ గంట వెనక. ఆదివారం తెల్లారేసరికి రెండూ ఒకటే. పోయేటప్పుడు 10కి ఎక్కి గంటన్నర ప్రయాణం చేసి 10:30కి దిగుతారు. వచ్చేటప్పుడు 12కి ఎక్కి గంట ప్రయాణం చేస్తే 1 అవుతుంది, 2 కాదు. టికెట్ మీద ఎప్పుడూ ఆ రేవు టైమే ఉంటుంది కాబట్టి ఫెర్రీ తప్పిపోయే భయం తక్కువ. తేడా కొట్టేది మాట్లాడిపెట్టుకున్న డ్రైవర్ల దగ్గర. అబ్బాయి షీట్‌లో రెండు రోజులకీ ఒకే తేడా వేసి ఉంది. దాన్ని సరిచేసి, ప్రతి టైము పక్కనా ఏ దేశం టైమో రాసిచ్చాను.

దీనికి తోడు ఫోన్లు. తరీఫాలో నిలబడితే అవతలి మొరాకో టవర్ల సిగ్నల్ కూడా అందుతుంది. ఫోన్ దానికి తగులుకుంటే గడియారం దానంతటదే గంట వెనక్కి పోతుంది, రోమింగ్ బిల్లు మొదలవుతుంది. ఐరోపా సిమ్‌కి మొరాకోలో ఉచిత రోమింగ్ లేదు. గురువారం రాత్రి హోటల్ గదిలో ఉండగానే కోడలి ఫోన్‌కి మొరాకోకి స్వాగతం అంటూ మెసేజ్ వచ్చింది. ముందే చెప్పి ఉంచాను కాబట్టి డేటా రోమింగ్ ఆపేసి ఉంది, ఆటోమేటిక్ టైమ్ జోన్ కూడా. పెద్దాయన చేతి గడియారాన్నే అందరి గడియారంగా పెట్టుకున్నారు.

గురువారం నుంచి ఆదివారం దాకా

గురువారం సాయంత్రం తూర్పు గాలికి ఆరెంజ్ వచ్చింది. ఫోన్ చేస్తే అబ్బాయి నమ్మలేదు. "ఆకాశం అద్దంలా ఉందండీ, ఒక్క మబ్బు లేదు." లెవాంతెకి మబ్బుతో పని లేదు, తరీఫాలో నీలాకాశం కిందే ఓడలు ఆగిపోతుంటాయి. మాట అనుకున్న ప్రకారం టికెట్లు అల్హెసిరాస్‌లో 10 గంటల ఫెర్రీకి మార్చేశాం. తరీఫా హోటల్‌కి పెద్ద టాక్సీ, మెడ్‌కి వ్యాన్ మాట్లాడాం.

అల్హెసిరాస్‌లో గంటన్నర ముందే ఉండమన్నాను. ఆన్‌లైన్ టికెట్ ఉన్నా కౌంటర్లో పాస్‌పోర్టులు చూపించి బోర్డింగ్ కార్డు తీసుకోవాలి, తర్వాత స్పెయిన్ ఎగ్జిట్ తనిఖీ, తర్వాత లగేజీ స్కాన్. రేవుకి పోయే రోడ్డు పొడుగునా టికెట్లమ్మే కొట్లు, చేతులూపి పిలిచే మనుషులు. మీ టికెట్ చెల్లదని కూడా అంటారు. అక్కడ ఆగకుండా నేరుగా టెర్మినల్‌లోకి పోవాలి.

ఓడ ఎక్కగానే అందరూ కిటికీ సీట్ల కోసం పరిగెడతారు. వీళ్లని మాత్రం మొరాకో పోలీసు బల్ల ఎక్కడుందో అడిగి నేరుగా అక్కడికి పొమ్మన్నాను. ఈ ఫెర్రీల్లో మొరాకో ఎంట్రీ ముద్ర దిగాక కాదు, ఓడలోనే వేస్తారు. ఓడ కదలకముందే అక్కడ క్యూ మొదలవుతుంది, ముద్ర లేకుండా దిగబోతే వెనక్కి ఆ బల్ల దగ్గరికే పంపిస్తారు. పెద్దాయన క్యూలో నాలుగో మనిషి. అధికారి ఈ-వీసా ప్రింటు చూసి ముద్ర కొట్టాక, దాని దగ్గర అంకెలూ అక్షరాలూ కలిసిన ఒక నంబర్ ఉంటుంది. మొరాకోలో ఏ హోటల్‌లో దిగినా ఫారంలో అది అడుగుతారు. ఐదుగురి నంబర్లూ అప్పుడే ఒక కాగితం మీద రాసుకోమన్నాను, రిసెప్షన్ దగ్గర పాస్‌పోర్టులు తిరగేసే పని తప్పింది.

ఫెర్రీ ముప్పావుగంట ఆలస్యంగా కదిలింది. అఖాతం దాటేదాకా ఏమీ తెలియలేదు. దాటగానే పెద్ద అలలు పక్క నుంచి కొట్టడం మొదలైంది. పెద్దావిడకి డాక్టర్ని అడిగి తెచ్చుకున్న మాత్ర రేవులోనే వేయించారు, మాత్ర పనిచేసేది వాంతి మొదలవకముందే. ఓడలో మధ్య భాగాన, కింది అంతస్తులో కూర్చోబెట్టి దూరంగా ఒడ్డునే చూస్తుండమన్నారు. ఆవిడ కళ్లు మూసుకుని జపం చేసుకున్నారట. ఏది పనిచేసిందో తెలియదు గానీ నెట్టుకొచ్చేశారు. పాప మాత్రం ఓడ ఊగినప్పుడల్లా కేరింతలు.

మెడ్‌లో ఓడ దగ్గర నుంచి టెర్మినల్‌కి బస్సులో తెచ్చారు. కస్టమ్స్ స్కాన్ అయ్యాక బయట వ్యాన్ సిద్ధంగా ఉంది. గంటలో టాంజియర్, మధ్యాహ్నం భోజనం టైముకి హోటల్. శనివారం ఊరు చూశారు.

ఆదివారానికి గాలి తగ్గింది, తిరుగు ప్రయాణం మొదటి ప్లాన్ ప్రకారమే విల్ నుంచి తరీఫాకి. మొరాకో దిర్హామ్‌లు దేశం బయటికి 2,000కి మించి తీసుకుపోకూడదు. బయటికి తెచ్చినా ఎక్కడపడితే అక్కడ మారవు, కాబట్టి మిగిలినవి రేవులోనే మార్చేశారు. పాల పదార్థాలు, మాంసం ఐరోపా సమాఖ్యలోకి తేనివ్వరని ముందే చెప్పాను. పెద్దావిడ ముచ్చటపడి కొన్న మేకపాల చీజ్ హోటల్‌లోనే తినేశారు.

తరీఫా రేవులో స్పెయిన్ పోలీసు దగ్గర అబ్బాయి, కోడలు, పాప రెసిడెన్స్ కార్డులు చూపించి చప్పున బయటపడ్డారు. పెద్దవాళ్లని ఆపి ప్రశ్నలడిగారు. ఎక్కడ ఉంటున్నారు, ఎప్పుడు వెళ్తారు, ఇన్సూరెన్స్ ఉందా. వీసా చేతిలో ఉన్నా సరిహద్దు దగ్గర ఇవి అడిగే అధికారం వాళ్లకి ఉంది. దీనికి ఒక ఫైలు చేయించాను: పైన తరీఫా హోటల్ బుకింగ్, దాని కింద ఇండియాకి తిరుగు టికెట్, కింద పాలసీ, ఆఖరున కొడుకు ఇచ్చిన ఆహ్వాన పత్రం. పెద్దాయన ఒక్కో కాగితం తీసి ఇస్తుంటే అధికారి మూడోది అడగకుండానే ముద్ర కొట్టేశాడు. కోడలు కూడా వాళ్లతోనే ఆగింది, ముందు అనుకున్నట్టే. అక్కడ ఇంగ్లీషు కంటే తోడున్న మనిషి ముఖం ఎక్కువ ధైర్యం.

ఖర్చు, హక్కు, ఇప్పటి మార్పులు

తిరిగొచ్చాక అబ్బాయి అడిగింది, శుక్రవారం తరీఫా ఫెర్రీలు రద్దయ్యాయి కదా, మనకి పరిహారం రాదా అని. రాదు. మనం రద్దు ప్రకటించకముందే టికెట్లు మార్చుకున్నాం. మార్చుకోకుండా ఆగి ఉంటే ఇంకో దారిలో పంపమనే హక్కు గానీ డబ్బు వెనక్కి తీసుకునే హక్కు గానీ ఉండేది. పైన పరిహారం మాత్రం అప్పుడూ రాదు. నాలుగు గంటల్లోపు ప్రయాణం చేరడంలో గంట ఆలస్యమైతే టికెట్‌లో 25 శాతం, రెండు గంటలు దాటితే 50 శాతం ఇవ్వాలని అదే నిబంధనలో ఉంది గానీ, ప్రమాదకరమైన వాతావరణం వల్ల జరిగితే కంపెనీకి మినహాయింపు. లెవాంతె ఆ మినహాయింపు కిందికే వస్తుంది.

అదనంగా అయిన ఖర్చు టాక్సీ, మెడ్ నుంచి వ్యాన్, టికెట్ మార్పు తేడా. దానికి బదులు శుక్రవారం మధ్యాహ్నం నుంచీ వాళ్లు ఊళ్లో ఉన్నారు. తరీఫాలో ఆగినవాళ్లని బస్సుల్లో అల్హెసిరాస్ పంపారని, టాంజియర్ చేరేటప్పటికి చీకటి పడిందని అదే హోటల్‌లో దిగిన ఒక జంట వీళ్లకి చెప్పారు. ఇద్దరే అయితే ఆ బేరం నాకు నచ్చేది కూడా. ఐదుగురికి నచ్చదు.

ఇప్పుడు ఎవరైనా ఇదే ప్రయాణం అడిగితే స్పెయిన్ వైపు సమయం పెంచుతున్నాను. ఐరోపా కొత్త ఎంట్రీ ఎగ్జిట్ వ్యవస్థ 2025 అక్టోబర్ 12న మొదలై దశలవారీగా సరిహద్దులన్నింటికీ విస్తరించింది. పెద్దవాళ్లలా తక్కువ రోజుల వీసా మీద వచ్చినవాళ్ల ముఖం ఫోటో, వేలిముద్రలు తీసుకుని నమోదు చేస్తారు. రెసిడెన్స్ కార్డు ఉన్నవాళ్లకి ఇది లేదు. అంటే ఒకే కుటుంబం రెండు వేర్వేరు వేగాలతో కదులుతుంది, తరీఫాలో మాట్లాడుకున్న బండిని ఆలస్యంగా వచ్చేవాళ్ల లెక్కన పిలవాలి.

వేసవి అయితే ఈ ప్లానే పనికిరాదు. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా ఐరోపాలో స్థిరపడిన మొరాకోవాళ్లు లక్షల సంఖ్యలో కార్లేసుకుని సొంతూళ్లకి పోతారు. స్పెయిన్ దీనికోసం ఏటా ప్రత్యేక ఏర్పాట్లు చేస్తుంది. ఆ రోజుల్లో అల్హెసిరాస్ స్టాండ్‌బై కాదు, అదే పెద్ద రద్దీ. జులై, ఆగస్టుల్లో కారుతో వెళ్తామనేవాళ్లకి బండి తరీఫాలో పార్క్ చేసి నడిచి ఎక్కమనే చెబుతున్నాను.